ధర్మరాజుకి ఎంత పడింది?

సభాపర్వంలోని జూదం తెలీని తెలుగువాళ్ళు అరుదు. పద్యనాటకాల్లో చూశాం, సినిమాల్లో చూశాం, అమ్మమ్మల నోట విన్నాం. అయినా ఒక చిన్న ప్రశ్న. ఆ రోజు ధర్మరాజుకి ఎంత పడింది? శకునికి ఎంత పడింది?

చెప్పలేం. కథలో ఆ సంగతే లేదు. ధర్మరాజు పందెం పేరు చెప్తాడు: ముత్యాలు, రథాలు, ఏనుగులు, దాసదాసీలు, రాజ్యం. శకుని పాచికలు వేస్తాడు, గెలిచానంటాడు. మళ్ళీ పందెం, మళ్ళీ అదే మాట. ఒడ్డిన సొత్తుకి వివరంగా లెక్కలున్నాయి గానీ పాచికల మీద పడ్డ అంకె ఒక్కటి కూడా లేదు. కవి చూపంతా పందెం మీదే ఉంది, పాచిక మీద లేదు.

ఈ వ్యాసం పాచికల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఒక చిన్న రోల్‌ప్లేయింగ్ ఆటకి పాచికల నియమం ఎలా రాసుకోవాలి అనే దాని గురించి. నలుగురైదుగురు ఒకచోట కూర్చుంటారు. ఒకరు సూత్రధారి, మిగిలినవాళ్ళకి తలా ఒక పాత్ర. నోటితోనే కథ నడుస్తుంది. నా పాత్ర ఈ పని చేస్తుంది అని ఆటగాడు అంటాడు. ఆ పని అవుతుందో కాదో ఎవరూ ముందే చెప్పలేని చోట పాచిక వేస్తారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆట అచ్చులోకొచ్చింది. స్ట్రేంజర్ థింగ్స్ చూసినవాళ్ళకి ఆ పిల్లలు బేస్‌మెంట్‌లో ఆడే ఆట గుర్తుండే ఉంటుంది. అదే.

ఇలాంటి ఆటని సాహిత్య పత్రికలో విమర్శకి పెట్టడం ఎందుకంటే, పాచికల నియమం కూడా ఒక వాక్యమే. లోకం ఎలా నడుస్తుందో అది చెప్తుంది. ఎవరి చేతిలో ఏముంది, ఎంతవరకూ ఉంది, పోతే ఏం పోతుంది. కథ చదివి దాని లోకదృష్టి ఏమిటని అడుగుతాం కదా, ఆటని కూడా అలాగే అడగొచ్చు. మన ఆటలు ఈ ప్రశ్నకి ఒక్కోటి ఒక్కో జవాబు ఇచ్చాయి. కొన్ని జవాబులు భలే తెలివైనవి, కొన్ని ప్రమాదకరమైనవి.

తెలుగు ఇక్కడ మనకో సాయం చేసింది. ఒడ్డిన వస్తువు పందెమే, పిక్కలు వేస్తే పడ్డది కూడా పందెమే. "ఏం పందెం?" అన్నా పందెమే, "నాలుగు పందెం పడింది" అన్నా పందెమే. నా వాదనంతా ఈ రెండు పందేల మధ్య ఉన్న దూరం గురించే.

*

ముందు వైకుంఠపాళి. పరమపద సోపాన పటం అని పెద్ద పేరు. నిచ్చెనలకి భక్తి, జ్ఞానం లాంటి సుగుణాల పేర్లు, పాములకి రాక్షసుల పేర్లు. పై వరసల్లో, ఇంకాస్తలో గెలుస్తాం అనగా నోరు తెరిచి కూర్చునే పెద్ద పాము. ఈ ఆట పిల్లలకి నీతి నేర్పుతుందని మనం నమ్ముతాం. 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండు చేరి స్నేక్స్ అండ్ ల్యాడర్స్ అయినప్పుడు కూడా మొదట్లో ఆ నీతి పేర్లు వెంట వెళ్ళాయి, తర్వాతే ఊడిపోయాయి.

ఇప్పుడు నియమాల్ని మాత్రం చదవండి, పటం మీద బొమ్మల్ని పక్కన పెట్టి. పాచిక వెయ్యి, పడినన్ని గడులు కదులు, నిచ్చెనైతే ఎక్కు, పామైతే దిగు. ఆటగాడు నిర్ణయించేది ఏమన్నా ఉందా? సున్నా. మీరు లేచి మంచినీళ్ళకి వెళ్ళినా పక్కవాడు మీ బదులు వెయ్యొచ్చు, ఫలితంలో తేడా ఉండదు. ప్రోగ్రామర్ భాషలో చెప్పాలంటే, వినియోగదారుడి నుంచి ఇన్‌పుట్ అనేదే తీసుకోని ప్రోగ్రామ్.

కాబట్టి వైకుంఠపాళి నిజంగా చెప్పే నీతి ఏమిటి? భక్తి ఉంటే పైకి పోతావని కాదు. పైకి పోయినవాడు నిలబడ్డ గడికి భక్తి అని పేరుంది, అంతే. వాడు భక్తితో అక్కడికి రాలేదు, మూడు పడి వచ్చాడు. పాము నోట్లో పడ్డవాడు ఏ పాపమూ చెయ్యలేదు, వాడికి నాలుగు పడింది. అదృష్టం ముందు, సుగుణం అనే లేబుల్ తర్వాత.

పిల్లల ఆటని మరీ ఇంతలా పీకాలా అనొచ్చు. కానీ ఈ లేబుల్ అలవాటు పెద్దయ్యాక కూడా మనల్ని వదలదు, ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ఒక్క మాట మాత్రం ఆట తరఫున కూడా చెప్పాలి. కర్మ అంటే ఇదే, నీ చేతిలో ఏమీ లేదు అని చెప్పడమే దాని ఉద్దేశమైతే, అది నిజాయితీ గల ఆట. పటం మీద రాసిన మాటలే ఆ నిజాయితీకి అడ్డం.

*

అష్టా చెమ్మా దీనికి పూర్తిగా ఎదురు. 2008లో ఇంద్రగంటి మోహనకృష్ణ సినిమా పేరుగా తెలిసినవాళ్ళ కోసం: ఐదు నిలువు, ఐదు అడ్డం, 25 గడులు, తలా నాలుగు కాయలు. గవ్వలు గానీ, ఒక పక్క గచ్చు మీద అరగదీసిన చింతపిక్కలు గానీ నాలుగు. ఎన్ని తెలుపు పైకి పడితే అంత. నాలుగూ తెలుపైతే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ నలుపైతే అష్టా, అంటే ఎనిమిది. ఈ రెంటికీ ఇంకో పందెం వేసే హక్కు ఉంటుంది.

లెక్క వేద్దాం. ఒక్కో పిక్క చెరిసగం అనుకుంటే మొత్తం 16 రకాలుగా పడొచ్చు. అందులో ఒకటి పడేది 4 సార్లు, రెండు పడేది 6 సార్లు, మూడు పడేది 4 సార్లు, చెమ్మా ఒక్కసారి, అష్టా ఒక్కసారి. సగటున ఒక్కో పందేనికి రెండున్నర. మళ్ళీ వేసే హక్కు కూడా కలుపుకుంటే ఒక్కో వంతుకి దాదాపు 2.86. బయటి చుట్టు, లోపలి చుట్టు తిరిగి ఒక కాయ పండాలంటే 24 అడుగులు, నాలుగు కాయలకి 96. చావులేవీ లేకపోయినా ఒక్కొక్కరికి కనీసం 34 వంతులు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మొదలెడితే ఎండ తగ్గేదాకా ఎందుకు సాగుతుందో ఇప్పుడర్థమైందా?

దీన్ని గొప్ప ఆట చేసేవి రెండు. మొదటిది, ఐదు, ఆరు, ఏడు ఒక్క పందెంతో పడవు. అంటే శత్రువు కాయకి ఐదు గడుల ముందు నిలబడ్డ కాయ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు, మూడు గడుల ముందు నిలబడ్డది వణకాలి. ఈ లెక్క ఎవరూ బళ్ళో చెప్పలేదు. ఆడిన ప్రతి అమ్మమ్మకీ తెలుసు. రెండోది, ఎంత పడాలో మన చేతిలో లేదు గానీ పడినదాన్ని ఏ కాయకి వాడాలో మన చేతిలో ఉంది. ముందున్నదాన్ని పండించుకోవాలా, వెనకున్నదాన్ని కాపాడుకోవాలా, పక్కవాడిని చంపాలా. చాలా ఊళ్ళలో ఇంకో నియమం ఉంది: ఒక్క కాయనైనా చంపకపోతే లోపలి చుట్టులోకి ప్రవేశం లేదు. దాన్ని బట్టి ఆ ఊరి లోకదృష్టిని మీరే ఊహించుకోండి.

అంటే వైకుంఠపాళిలో ఎంపిక లేదు. అష్టా చెమ్మాలో ఎంపిక పిక్కలు పడ్డ తర్వాత వస్తుంది. మరి పిక్కలు పడకముందే ఎంపిక ఉండే ఆట?

అదే సభాపర్వం. ధర్మరాజు చెయ్యగలిగింది ఒక్కటే: ఏం ఒడ్డాలో, అసలు ఒడ్డాలో వద్దో. పాచికలు వేసేది అవతలివాడు. అది కూడా దుర్యోధనుడు సొత్తు పెడితే అతని బదులు శకుని వేస్తాడు. ఒకడి పందెం, ఇంకొకడి చెయ్యి. ఇది పద్ధతి కాదని ధర్మరాజు అభ్యంతరం చెప్తాడు, చెప్పి కూడా కూర్చుంటాడు. పిలిస్తే కాదనకపోవడం తన వ్రతం అంటాడు.

శకుని మోసం చేశాడని వ్యాసుడు చెప్తాడు గానీ ఎలా చేశాడో వివరించడు. ఈ ఖాళీ జనానికి నచ్చలేదు. అందుకే శకుని తండ్రి ఎముకలతో పాచికలు చేసుకున్నాడనే కథ పుట్టింది. 1966లో వచ్చిన శ్రీకృష్ణ పాండవీయంలో ధూళిపాళ శకునిగా ఆ కథని మనందరి బుర్రల్లో శాశ్వతంగా ముద్రించేశాడు. గొప్ప కథే, ప్రతీకారానికి గొప్ప కారణమే. కానీ అది ధర్మరాజుని మరీ తేలిగ్గా వదిలేస్తుంది. ఎముకలు శకుని మాట వింటాయంటే ఓటమికి కారణం పాచికే అయిపోతుంది. మూలంలో పాచిక మీద అంకె లేకపోవడం వల్ల మన చూపు తప్పించుకోలేని చోటికి వెళ్తుంది: తమ్ముళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్తున్న ఆ నోటి వైపు.

ఇక ద్రౌపది. ఆటల మీద పుట్టిన విమర్శలో ఆమె అడిగినదాన్ని మించిన ప్రశ్న నాకు కనబడలేదు. ముందు ఎవర్ని ఓడాడు, తననా, నన్నా? ఇది కన్నీళ్ళ ప్రశ్న కాదు, నియమాల ప్రశ్న. ముందు తనని తాను ఓడినవాడికి ఇంకొకరిని ఒడ్డే హక్కు ఉంటుందా? కోడ్ రాసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన విషయం. రెండు లైన్లు అటూ ఇటూ మారితే ఫలితం మొత్తం మారిపోతుంది. సభలో వికర్ణుడు ఆ తర్కాన్ని పట్టుకుని మాట్లాడాడు. భీష్ముడు ధర్మం సూక్ష్మం అన్నాడు. నియమం తెలిసిన పెద్దలు, తీర్పు చెప్పాల్సిన పెద్దలు నోరు విప్పకపోతే బల్ల దగ్గర కూర్చున్న బలహీనుడి గతి ఏమిటో ఆ అధ్యాయం చెప్తుంది.

*

భారతంలోనే ఇంకో జూదగాడున్నాడు, నలుడు. అరణ్యపర్వంలో బృహదశ్వుడు ధర్మరాజుకి ఈ కథ చెప్తాడు. అన్నీ ఓడి, బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడికి సారథిగా ఉన్నప్పుడు, దారిలో ఒక తాండ్ర చెట్టు కనబడుతుంది. ఋతుపర్ణుడు దాన్ని చూసి ఆకులెన్ని, కాయలెన్ని అనేది చెప్పేస్తాడు. నలుడు నమ్మడు, రథం ఆపి లెక్కపెడతాడు. సరిపోతుంది. అప్పుడు అశ్వహృదయానికి బదులుగా అక్షహృదయం నేర్చుకుంటాడు.

చెట్టుకీ జూదానికీ సంబంధం ఏమిటి? ఆ కాలపు పాచికలు తానికాయలే, త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయ పక్కన ఉండే ఆ కాయలే. పండితులు వివరించేది ఏమిటంటే, కుప్పలోంచి దోసిట్లోకి వచ్చిన కాయల్ని నాలుగేసి చొప్పున లెక్కపెట్టేవాళ్ళు. శేషం లేకపోతే కృతం, మూడు మిగిలితే త్రేత, రెండైతే ద్వాపరం, ఒకటైతే కలి. యుగాల పేర్లూ పందేల పేర్లూ ఒకటే. ఇలాంటి ఆటలో కాయల్ని చూడగానే లెక్క తెలిసినవాడికి తిరుగుండదు. ఇయన్ హ్యాకింగ్ 1975లో రాసిన ది ఎమర్జెన్స్ ఆఫ్ ప్రాబబిలిటీలో సంభావ్యతకి పూర్వచరిత్ర వెతుకుతూ ఈ నలుడి కథ దగ్గర ఆగాడు. బెజవాడ నుంచి బోస్టన్ దాకా డేటా సైన్స్ చేస్తున్న మనవాళ్ళలో ఎంతమంది ఆగారో మరి.

నలుడి కథ మన ముందు పెట్టే ప్రశ్న: జూదంలో నేర్పు ఎంత, అదృష్టం ఎంత? ఇది కోర్టులకి కూడా ఎక్కింది. 1960ల చివర్లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో సుప్రీం కోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పు ఆట అంది. పడ్డ ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి. మూడు ముక్కలాట అలా కాదంది. ఆ తేడా మీదే ఫోన్లలో ఒక పెద్ద వ్యాపారం నిలబడింది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. అప్పటికి కొన్ని ఇళ్ళలో జరగాల్సింది జరిగిపోయింది.

నేర్పా, అదృష్టమా అనే ఆ గీత మంచి ఆటని చెడ్డ ఆట నుంచి వేరు చెయ్యడానికి సరిపోదని నా అభిప్రాయం. నేర్పున్న ఆటలోనూ కొంప ముంచుకోవచ్చు. పులిజూదంలో అదృష్టం ఆవగింజంత కూడా లేదు, అయినా దాని పేరు జూదమే. నేను వేరే మూడు ప్రశ్నలు అడుగుతాను. పిక్కలు వెయ్యకముందే ఏం పోతుందో ఆటగాడికి తెలుసా? తెలిశాక వద్దనే హక్కు ఉందా? పడ్డదాన్ని చదివి అర్థం చెప్పేది ఎవరు?

*

ఈ మూడు ప్రశ్నల్ని రోల్‌ప్లేయింగ్ ఆటలకి పెడదాం.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో 2000లో వచ్చిన మూడో ఎడిషన్ నుంచి దాదాపు అన్నిటికీ ఒకటే సూత్రం. 20 ముఖాల పాచిక వెయ్యి, నీ నేర్పుకున్న అంకె కలుపు, ఎదురుగా ఉన్న అంకెని అందుకున్నావేమో చూడు. సులువు, శుభ్రం. కానీ 20 ముఖాల పాచికకి మధ్య అంటూ లేదు. ఒకటి పడే అవకాశం ఎంతో పది పడే అవకాశమూ అంతే, నూటికి ఐదు. దీనివల్ల ఏమవుతుందో చూడండి. పద్యాల పోటీ అనుకుందాం. ముప్పై ఏళ్ళు స్టేజీ ఎక్కిన నటుడికి ఐదు కలుపుదాం, నిన్న చేరిన కుర్రాడికి ఏమీ కలపం. ఇద్దరూ పాచిక వేస్తే 400 జతల్లో 105 చోట్ల కుర్రాడు గెలుస్తాడు. నూటికి 26. నాలుగు ఊళ్ళలో పోటీ పెడితే ఒక ఊళ్ళో కుర్రాడిదే పైచెయ్యి. సాహసగాథల్లో ఈ గందరగోళం సరదాగానే ఉంటుంది, కాదనను. నేర్పంటే గౌరవం ఉన్న కథకి మాత్రం పనికిరాదు.

రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. ఓడితే ఏమవుతుందో చాలాసార్లు ముందుగా చెప్పరు. తాళం తియ్యడానికి పాచిక వేశాం, పడలేదు. తర్వాత? తాళం రాలేదు, అంతే. కథ గుమ్మం దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంటుంది.

2010లో విన్సెంట్ బేకర్ అపోకలిప్స్ వరల్డ్‌తో దీనికొక జవాబు రాశాడు. మామూలు పాచికలు రెండు వెయ్యి, నీ గుణానికున్న అంకె కలుపు. పది గానీ అంతకు మించి గానీ వస్తే పని అయింది. ఏడు నుంచి తొమ్మిదైతే అయింది, కానీ ఏదో ఒకటి చెల్లించాలి. ఆరు లోపైతే సూత్రధారి వంతు, పరిస్థితి ముదురుతుంది. ఏమీ కలపకపోతే నూటికి 17, 42, 42. ఇక్కడ అసలు తెలివి ఆ మధ్య గడిలో ఉంది. గెలిచాం, కానీ. మన జీవితాల్లో ఎక్కువ భాగం ఆ "కానీ"లోనే గడుస్తుంది కదా. బల్ల మీద ఏం పడినా కథ మాత్రం ఆగదు.

ఇప్పుడు చింతపిక్కల దగ్గరికి వద్దాం. నాలుగు పిక్కలు వేసి తెలుపు లెక్కపెడితే, ఒకటి లోపు పడేది 16లో 5, సరిగ్గా రెండు పడేది 6, మూడూ పైన పడేది 5. ఓటమి 31, కానీతో గెలుపు 37, గెలుపు 31. బేకర్ ఆటలో ఒకటి కలుపుకున్నవాడి అవకాశాలు 28, 44, 28. అంటే రెండు పాచికలతో అతను సాధించినదానికి దగ్గర్లోకి మన పిక్కలు ఏ కూడికా లేకుండా వచ్చేశాయి.

నేర్పుని ఎలా చూపించాలి? అంకెలు కలపక్కర్లేదు, పిక్కలు కలిపితే చాలు. ఆ పని రానివాడికి మూడు పిక్కలు, బాగా వచ్చినవాడికి ఐదు. మూడు పిక్కలతో ఓడే అవకాశం సరిగ్గా సగం. ఐదు పిక్కలతో గెలిచే అవకాశం సరిగ్గా సగం. మూడేళ్ళ పిల్లకి కూడా చేతిలో తేడా తెలుస్తుంది. ఇక ఆ పద్యాల పోటీ మళ్ళీ పెట్టి, ఎవరికి ఎక్కువ తెలుపు పడితే వాళ్ళు గెలిచారంటే, మూడు పిక్కల కుర్రాడు ఐదు పిక్కల నటుణ్ణి ఓడించేది 256లో 37 సార్లు, నూటికి 14. అద్భుతం జరగొచ్చు, రోజూ జరగదు. నాకిది న్యాయంగా అనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. పిక్కలు నాణేలు కావు. అరగదీసిన తీరుని బట్టి ఒక పక్కకి మొగ్గుతాయి. తెలుపు నూటికి 40 సార్లే పడే పిక్కలైతే, నాలుగు వేసినప్పుడు అష్టా నూటికి 6 నుంచి 13కి పెరుగుతుంది, చెమ్మా 6 నుంచి 2.6కి జారిపోతుంది. మీ పిక్కల్ని ఓ వందసార్లు వేసి రాసుకోండి. అక్షహృదయం అంటే చాలావరకూ ఇదే.

*

మా కొలకలూరు తెనాలి పక్క ఊరు. పరిషత్తు నాటకాలు చూసేవాళ్ళకి ఆ పేరు శ్రీ సాయి ఆర్ట్స్ నాటక సమాజంతో కలిసే వినబడుతుంది. అక్కడ పుట్టినవాళ్ళకి వేషం వెయ్యడం అనే మాట వింత కాదు. పోయిన సంక్రాంతి సెలవుల్లో మా మేనకోడలూ ఇంకో నలుగురు పిల్లలతో ఈ పిక్కల ఆట ఆడించాను. కథ చిన్నది. తప్పిపోయిన లేగదూడని చీకట్లో వెతికి తెల్లారేలోపు ఇంటికి తేవాలి. నియమం ఒక్కటే కచ్చితంగా పెట్టాను: పిక్కలు చేతిలోకి తీసుకునే ముందు పందెం పైకి చెప్పాలి. ఏం కావాలో పిల్లలు చెప్పాలి, ఏం పోవచ్చో నేను చెప్పాలి.

దూడ దొరికింది. కాలవ దాటించాలి. "నీళ్ళలో దూడ బెదిరితే చెయ్యి జారి కొట్టుకుపోవచ్చమ్మా, అదీ పందెం" అన్నాను. మా మేనకోడలి చేతిలో నాలుగు పిక్కలున్నాయి. కాసేపు గుప్పిట్లో ఆడించింది. తర్వాత కింద పెట్టేసి, "అయితే నేను వెయ్యను మావయ్యా. వంతెన మీంచి చుట్టూ తిరిగొస్తాం. తెల్లారిపోతే అమ్మ తిట్లు తింటాం, అంతేగా" అంది.

మిగతా పిల్లలు గోల చేశారు. పిక్కలు వెయ్యకపోతే ఆటేంటి అని. నా మటుకు నాకు ఆ సాయంత్రం మొత్తంలో ఆట సరిగ్గా పనిచేసింది అప్పుడే. పదకొండేళ్ళ పిల్ల పందెం విని, తూచి, వద్దంది. దానికి ధర కూడా తనే చెప్పింది. హస్తినాపురంలో ఆ చివరి మాట అనగలిగినవాడు లేడు.

పౌరాణిక నాటకం చూసినవాళ్ళకి వన్స్ మోర్ తెలుసు. ధర్మరాజు ఓడతాడని హాల్లో కూర్చున్న పసిపిల్లాడికి కూడా తెలుసు. అయినా ఓడిన పద్యమే మళ్ళీ పాడమంటారు. ఫలితం మారుతుందని కాదు, దాన్ని ఎలా మోశాడో మళ్ళీ చూద్దామని. రోల్‌ప్లేయింగ్ ఆటకి ఇది మంచి పాఠం. పడ్డదాన్ని చదివే పని సూత్రధారి ఒక్కడే చెయ్యకూడదు. ఓటమి పడితే, ఎలా ఓడావో నువ్వే చెప్పు అని ఆటగాడికి వదలాలి. పిల్లలు ఇందులో మనల్ని మించిపోతారు. మాకు రెండు పడ్డ ఒకచోట, దూడ దొరికింది గానీ దాని మెడలో గంట పోయింది అని ఐదేళ్ళవాడు కల్పించాడు. ఆ గంట కోసం మర్నాడు ఇంకో ఆట ఆడాల్సి వచ్చింది.

*

వైకుంఠపాళి సంగతికి వస్తానన్నాను.

నా తరం తెలుగు ఇంజినీర్లకి బాగా తెలిసిన పాచిక ఒకటుంది, హెచ్-1బీ లాటరీ. ఏటా మామూలు కోటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి అదనంగా 20,000. దరఖాస్తులు అంతకంటే ఎక్కువొస్తే కంప్యూటర్ చీటీ తీస్తుంది. 2019లో అందులో ఒక చిన్న మార్పు చేశారు. అంతకుముందు మాస్టర్స్ చీటీ ముందు తీసి, మిగిలినవాళ్ళని మామూలు చీటీలో కలిపేవాళ్ళు. ఆ ఏడు నుంచి అందర్నీ ముందు మామూలు చీటీలో వేసి, మిగిలిన మాస్టర్స్ వాళ్ళకి రెండో చీటీ తీశారు. కోటాలో ఒక్క అంకె మారలేదు. వరస మారింది, అంతే. మాస్టర్స్ చేసినవాళ్ళ అవకాశం పెరిగింది, చెయ్యనివాళ్ళది తగ్గింది. ముందు ఎవర్ని, తర్వాత ఎవర్ని? ద్రౌపది అడిగిన ప్రశ్న పాతబడలేదు.

చీటీలో పేరు వచ్చినవాళ్ళ కథలు పెళ్ళిళ్ళలో వింటుంటాం. కష్టపడ్డాడు, తెలివైనవాడు, దేవుడి మీద భారం వేశాడు. రానివాడికి చెప్పే కథ ఇంకోలా ఉంటుంది. ఇద్దరూ ఒకే కాలేజీ, ఒకే బెంచీ, ఒకే కంపెనీ కావచ్చు. ఒకడు నిచ్చెన గడిలో ఆగాడు, ఇంకొకడు పాము గడిలో. గడుల మీద పేర్లు మనమే రాశాం. కష్టపడలేదని నేననను. చదువు, ఉద్యోగం, ఇంటర్వ్యూ అన్నీ ఐదు పిక్కలు సంపాదించుకోవడానికి పడే పాట్లే. కానీ ఐదు పిక్కలున్నవాడు కూడా నూటికి 19 సార్లు ఓడతాడు. ఆ 19లో పడ్డవాడి ముఖం మీద రాక్షసుడి పేరు రాయడం ఆట నేర్పిన నీతి కాదు, ఆటని తప్పుగా చదవడం.

తెలుగులో కథలకి విమర్శ ఉంది, సినిమాలకి కావలసినంత ఉంది. మన ఆటల నియమాల్ని పాఠ్యంగా చదివే విమర్శ నాకు ఎక్కువగా తారసపడలేదు. అవి కూడా ఎవరో ఆలోచించి రాసినవే, తరతరాలుగా ఊరూరా తిరగరాసినవే. కొత్త ఆటలు రాసేవాళ్ళు కూడా వస్తున్నారు. వాళ్ళని నేను అడిగేది పెద్దదేం కాదు. ఎన్ని ముఖాల పాచిక, ఎన్ని పిక్కలు అనేది ఒక సాయంత్రం కూర్చుంటే తేలిపోయే లెక్క. దానికంటే ముందు రాయాల్సిన పేజీ ఒకటుంది. అందులో పందెం ఎవరు చెప్తారో, ఎప్పుడు చెప్తారో, పిక్కలు కింద పెట్టేసిన మనిషికి ఏమవుతుందో రాయండి.